గుడ్డు పెట్టేదాకా ఉంటామా?

బదిలీ ఉద్యోగాల ఇళ్ళలో ఒక ప్రశ్న ఇంటి పెద్దలా కూర్చుని ఉంటుంది. "అప్పటికి మనం ఇక్కడ ఉంటామా?" మామిడి మొక్క నాటదామంటే ఈ ప్రశ్న. సంగీతం క్లాసులో చేరతానంటే ఈ ప్రశ్న. పెరట్లో కోళ్ళు పెంచుదామంటే మరీనూ. అడిగేవాళ్ళను తప్పుపట్టలేం. సామాను లారీకి ఎక్కించి, టీసీల కోసం తిరిగి, కొత్త ఊళ్ళో గ్యాస్ కనెక్షన్ కోసం క్యూలో నిలబడ్డవాళ్ళకే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. కానీ పదేళ్ళ పిల్లలు కూడా ఇదే ప్రశ్న వేసి, ఏ పనీ మొదలుపెట్టకుండానే పక్కన పెట్టేస్తున్నారు. అది నాకు నచ్చడం లేదు.

పన్నెండేళ్ళ సర్వీసులో సూరత్ నాకు ఐదో ఊరు. కాబట్టి ఈ మాట బయట నిలబడి చెబుతున్నది కాదు. ఆరు నెలలు పట్టే పనిని బదిలీ ఉద్యోగుల పిల్లలు తప్పకుండా మొదలుపెట్టాలనీ, అది పూర్తయ్యేలోపు ఊరు మారాల్సి వస్తే దాన్ని అప్పగించడం నేర్చుకోవాలనీ నా అభిప్రాయం. అందుకు నాకు కనిపించిన మంచి ఉదాహరణ కోడి. పిల్లగా ఇంటికి వచ్చిన రోజు నుంచి తొలి గుడ్డు పెట్టే రోజు వరకు దానికి ఐదారు నెలలు పడుతుంది. మన పోస్టింగులతో పోలిస్తే అది అంత చిన్నదీ కాదు, అంత పెద్దదీ కాదు.

ఈ ఆలోచన నాకు లింబాయత్‌లో వచ్చింది. నేను అద్దెకుండేది అక్కడే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి బట్టల పనికి వచ్చిన నేతకుటుంబాలు ఈ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నాయి. పొద్దున లేస్తే సాంచాల చప్పుడు, దాని మధ్యలో తెలుగు మాట. సూరత్ నగరపాలక సంస్థ ఏడు భాషల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగు ఒకటి. ఒకే గల్లీలో కోడికి ఎన్ని పేర్లో చూడండి: తెలుగువాళ్ళకు కోడి, మరాఠీవాళ్ళకు కోంబడీ, ఒడియావాళ్ళకు కుకుడా, హిందీవాళ్ళకు ముర్గీ, గుజరాతీవాళ్ళకు మరఘీ. ఇరుకు ఇళ్ళే. అయినా కొన్ని ఇళ్ళ మెట్ల కింద గంప కమ్మి ఉంటుంది. గంప కింద నాలుగు పిల్లలు, ఒక పెట్ట. వీళ్ళకు బదిలీ ఉత్తర్వులు రావు. కానీ పని లేకపోతే వీళ్ళు కూడా కదలాల్సిందే. అయినా గంప కమ్ముతారు.

పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న రంగు గురించి. ఫోన్‌లో వీడియోలు చూసి వస్తారు. "సార్, నీలం గుడ్లు, పచ్చ గుడ్లు నిజమేనా? రంగు వేస్తారా?" నిజమే. దక్షిణ అమెరికాలో, చిలీ దేశపు అరౌకానా కోళ్ళు నీలం గుడ్లు పెడతాయి. చైనాలో కూడా అలాంటి జాతులు ఉన్నాయి. ఎప్పుడో ఒక వైరస్ ఆ కోళ్ళ జన్యువుల్లో వచ్చి ఇరుక్కుని, ఒక జన్యువు పని తీరును మార్చిందనీ, నీలం రంగు అందువల్లనే వచ్చిందనీ 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ నీలం రంగు పదార్థం పేరు బిలివర్డిన్. మీ మోకాలికి దెబ్బ తగిలి కమిలినప్పుడు, కొన్నాళ్ళకు ఆ చోటు పచ్చగా మారుతుంది కదా, ఆ పచ్చదనానికి కారణం కూడా అదే.

గోధుమ రంగు గుడ్డుది వేరే కథ. పెంకు తయారు కావడానికి పెట్ట కడుపులో ఇంచుమించు ఇరవై గంటలు పడుతుంది. గోధుమ రంగు చాలావరకు చివరి గంటల్లో, పైపొర మీద చేరుతుంది. అందుకే గోధుమ రంగు గుడ్డు పగలగొట్టి చూస్తే లోపలి వైపు తెల్లగా ఉంటుంది. నీలం గుడ్డు లోపల కూడా నీలమే. నీలం పెంకు మీద గోధుమ రంగు చేరితే పచ్చ గుడ్డు వస్తుంది. ఇంట్లో ఆమ్లెట్ వేసే రోజున గోధుమ రంగు పెంకును తిప్పి చూడండి, పుస్తకం అవసరం లేదు.

మన దగ్గర నీలం గుడ్ల కోళ్ళు అరుదు. వాటి కోసం వెతకనక్కర లేదు కూడా. దుకాణంలో దొరికే తెల్ల గుడ్లు లెగ్‌హార్న్ సంతతి కోళ్ళవి. ఇటలీ రేవుపట్నం లివోర్నోను ఇంగ్లీషువాళ్ళు పిలుచుకున్న పేరది. మన నాటు పెట్టలు ఎక్కువగా మీగడ రంగులోనో లేత గోధుమ రంగులోనో పెడతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు గోధుమ రంగు గుడ్లు పెడతాయి. నాలుగు రకాల పెట్టలు ఉంటే ఒకే బుట్టలో తెలుపు, మీగడ, లేత గులాబీ ఛాయ, టీ రంగు కనిపిస్తాయి. ఆ తేడా చూడటానికి కన్ను అలవాటు పడాలి, అంతే. ఒక విచిత్రం చెప్పనా? పుంజుల ఈకల రంగులకు తెలుగులో డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, మైల, రసంగి అంటూ ఎన్నో పేర్లున్నాయి. గుడ్ల రంగులకు మాత్రం అలాంటి పేర్లు నేను వినలేదు. పందెం కాసేది పుంజు మీద కాబట్టి కాబోలు! ఆ పేర్లు మీరు పెట్టవచ్చు.

రంగును బట్టి గుడ్డు బలం మారుతుందా అన్నది మరో వాదన. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. లోపలి పోషకాలు అది తిన్న తిండిని బట్టి ఉంటాయి. సొన రంగు కూడా అంతే. మొక్కజొన్న, ఆకుకూర తింటే పచ్చసొన ముదురుగా ఉంటుంది. గోధుమ రంగు పెంకు చూపించి ఎక్కువ ధర అడిగితే, అది పెంకుకు ఇస్తున్న ధర. మిగతా వాదనంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే.

ఇక పెంపకం సంగతి. సంతల్లో, వీధుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలను అట్టపెట్టెలో పెట్టి అమ్ముతుంటారు. వాటిని కొనకండి. గుడ్లకు పనికిరావని హేచరీలు వదిలించుకున్న మగపిల్లలే వాటిలో ఎక్కువ. వెచ్చదనం, టీకాలు లేకుండా తిరిగిన పిల్లలు చాలావరకు వారం దాటవు. ఆ వారం తర్వాత పిల్లలకు మిగిలేది ఏడుపు. "ఇంక ఏ జీవాన్నీ తేవద్దు" అని ఇంట్లో ఒక నిషేధం కూడా మిగులుతుంది. పశువైద్యశాలలో అడిగితే టీకాలు వేసిన పిల్లలు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు.

మొదటి నెల అంతా వెచ్చదనమే ముఖ్యం. తల్లి రెక్కల కింద ఉండాల్సిన పిల్లలు అవి. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి పెట్టె పైన వేలాడదీస్తే చాలు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గాని వేడి ఇవ్వదు. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. గోడల వైపు జరిగి నోళ్ళు తెరిస్తే వేడి. పెట్టె అంతా పరుచుకుని తింటూ పడుకుంటూ ఉంటే అంతా బాగున్నట్టు. కింద వరి ఊకో రంపపు పొట్టో రెండంగుళాలు పరవాలి. ఉత్త పేపరు మీద కాళ్ళు జారి వంకర పోతాయి. నీళ్ళ పళ్ళెంలో గోళీలు వేస్తే పిల్లలు మునిగిపోవు. మీ గోళీలకు ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు.

లింబాయత్‌లో ఇంకో జాగ్రత్త కూడా నేర్చుకున్నాను. ఇక్కడ నేల మీద ఎక్కడ చూసినా దారపు పోగులే. అవి పిల్లల వేళ్ళకు చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగి కాలు పోతుంది. అందుకే ఇక్కడి అవ్వలు సాయంత్రం గంప కమ్మే ముందు ఒక్కో పిల్లనూ చేతిలోకి తీసుకుని కాళ్ళు చూస్తారు. వర్షాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే వీధుల్లోకి నీళ్ళు వస్తాయి కాబట్టి గూడు ఇటుకల మీద ఎత్తుగా ఉంటుంది. పందికొక్కులు, పిల్లులు దూరకుండా సన్నటి ఇనుప జాలీ ఉంటుంది.

టీకాల విషయంలో బద్ధకం పనికిరాదు. కొక్కెర తెగులు వస్తే గూడు గూడంతా రోజుల్లో ఖాళీ అవుతుంది. మన దేశంలో దానికి రాణీఖేత్ వ్యాధి అని పేరు. సైన్యంలో పనిచేసేవాళ్ళ పిల్లల్లో ఆ కొండ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కూడా ఉంటారు. మొదటి వారంలో ఒకసారి, తర్వాత పశువైద్యుడు చెప్పిన రోజుల్లో మళ్ళీ టీకా వేయించాలి. తారీఖులు నోటుబుక్కులో రాసి పెట్టాలి.

రెండో నెల దాటాక ఈకలు పూర్తిగా వస్తాయి, బల్బు అక్కర్లేదు. అప్పుడు తెలుస్తుంది ఎవరు పుంజో ఎవరు పెట్టో. పది పిల్లలు తెస్తే సగం పుంజులు కావచ్చు. వాటిని ఏం చేయాలో తెచ్చినరోజే ఇంట్లో మాట్లాడుకోవాలి. మా పక్కింటి అవ్వ ఒక మాట అంటుంది: "పిల్లలు పేర్లు పెట్టినంక ఇగ కోసుడెట్ల సారూ?" కాబట్టి పేరు పెట్టేముందు ఆలోచించండి. మూడో నెల, నాలుగో నెల చెప్పుకోదగ్గ విశేషాలు ఉండవు. తింటాయి, తవ్వుతాయి, దుమ్ములో పొర్లుతాయి. చాలామంది పిల్లలకు ఆసక్తి తగ్గేది ఇక్కడే. నాకు ముఖ్యమనిపించే నెలలు కూడా ఇవే. ఏమీ జరగని రోజున కూడా నీళ్ళు మార్చడం, గూడు ఊడ్చడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం. పని అంటే ఇదే.

ఐదో నెలలో పెట్ట ముఖం మారుతుంది. లేత గులాబీ రంగులో ఉన్న జుట్టు ఎర్రబడుతుంది. వీపు మీద చెయ్యి వేస్తే నేలకు అతుక్కుని కూర్చుంటుంది. మూలమూలలా వెతుకుతూ కొత్త గొంతుతో కొక్కరిస్తుంది. అప్పుడు చీకటిగా ఉండే మూలలో గడ్డి వేసిన పెట్టె ఒకటి పెట్టాలి. గుడ్ల దాణా, ఆల్చిప్పల పొడి అప్పుడే మొదలుపెట్టాలి. అంతకుముందే అంత సున్నం తినిపిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఒక ఉదయం గుడ్డు కనిపిస్తుంది. చిన్నది, ఒక్కోసారి పెంకు మెత్తగా ఉంటుంది, ఒక్కోసారి రెండు సొనలు. ఆ పెట్ట గుడ్డు రంగు ఏమిటో ఆ రోజే తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా ఊహే.

గూట్లో పెట్టి మేపితే ఆ రోజుకు ఒక్కో పెట్ట ఏడెనిమిది కిలోల దాణా తిని ఉంటుంది. కాబట్టి డబ్బు లెక్కన తొలి గుడ్డు చాలా ఖరీదైనది. దుకాణంలో కొనుక్కోవడమే చవక. డబ్బు ఆదా కోసం కోళ్ళు పెంచమని నేను ఎవరికీ చెప్పను.

మరి మన బదిలీల సంగతేమిటి? ఇక్కడ లెక్క మనకు అనుకూలంగానే ఉంది. మన చదువుల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, బదిలీలు ఎక్కువగా వేసవిలో వస్తాయి. దసరా సెలవుల్లో పిల్లలను తెస్తే మార్చి నెలాఖరుకో ఏప్రిల్ మొదటి వారాలకో గుడ్డుకు వస్తాయి. పరీక్షలు అయిపోయే వేళ. అక్టోబరులో సూరత్‌లో వానలు తగ్గుతాయి, ఎండ ముదరదు. పైగా ఫిబ్రవరి, మార్చిలో పగలు పెరుగుతూ ఉంటుంది, పెరిగే వెలుగు పెట్టలను గుడ్డుకు తెస్తుంది. ఇంతకన్నా మంచి టైమ్‌టేబుల్ మన కోసం ఎవరూ వేయలేరు.

అయినా ఉత్తర్వులు టైమ్‌టేబుల్ చూసి రావు. రెండేళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్నగారిది రైల్వే ఉద్యోగం. దసరాకు ఐదు పిల్లలను తెచ్చింది. రెండు పుంజులు, మూడు పెట్టలు అయ్యాయి. మార్చిలో ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళిపోయారు. పెట్టలను లింబాయత్‌లో ఒక తెలుగు కుటుంబానికి అప్పగించింది. దాణా సంచి, టీకాల తారీఖులు, ఏ పెట్ట ఎలాంటిదో రాసిన నోటుబుక్కు కూడా ఇచ్చింది. "నల్లది భయస్తురాలు, ముందు దానికి వేయండి" అని అందులో రాసి ఉంది. ఆమె వెళ్ళిన తొమ్మిదో రోజున తొలి గుడ్డు వచ్చింది. ఆ ఇంటి అబ్బాయి ఫోటో పంపాడు. ట్యూబ్‌లైట్ వెలుగులో రంగు సరిగ్గా తెలియలేదు. రాత్రి నాకు ఫోన్. "సార్, మీరు వెళ్ళి చూసి చెప్పండి. క్రీమా, బ్రౌనా?" వెళ్ళి చూశాను. పాలు ఎక్కువైన టీ రంగు. అదే చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "నేను చూడాల్సింది సార్" అంది.

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. అది నిజమైన నష్టం. అప్పగిస్తే బాధ పోతుందని పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. కానీ ఆ నష్టం భయంతో మొదలే పెట్టకపోయి ఉంటే, నల్ల పెట్ట భయస్తురాలని తెలుసుకున్న ఆ అయిదున్నర నెలలు కూడా ఉండేవి కావు. చివరి రోజు చేజారిందని మిగతా రోజులన్నీ వృథా అనలేం. మనం ఊళ్ళను కూడా అలాగే లెక్కపెట్టడం మొదలుపెడితే ఏ ఊరూ మనది కాదు.

మీ ఇళ్ళలో ఒక మాట తరచు వింటుంటారు: ఛార్జ్ అప్పగించడం. అధికారి బదిలీ అయితే బీరువా తాళాలు, ఫైళ్ళు, సామాను జాబితా అన్నీ లెక్క చెప్పి, తర్వాత వచ్చేవారితో సంతకం పెట్టించుకుని కదులుతారు. ఆఫీసులో ఇంత శ్రద్ధగా చేసే పనిని పిల్లలకు మాత్రం ఎవరూ నేర్పరు. వాళ్ళ వస్తువులు సర్దుతారు, వాళ్ళ పనులు సగంలో వదిలేస్తారు. నా ప్రతిపాదన ఇది: మన బడి వెనక ఖాళీ స్థలంలో ఐదారు పెట్టలకు సరిపడే గూడు ఒకటి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు నోటుబుక్కు రాస్తూ చూసుకోవాలి. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళకు ఛార్జ్ రిపోర్టు రాసి ఇవ్వాలి.

దీనివల్ల వెళ్ళేవాళ్ళకన్నా కొత్తగా వచ్చేవాళ్ళకు మేలు ఎక్కువ. నవంబరులో, తరగతి మధ్యలో, ఎవరూ తెలియని బడిలో అడుగుపెట్టడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? భోజన విరామం ఎంత పొడుగ్గా ఉంటుందో మీకు తెలుసు. ఆ పిల్లవాడి చేతికి మొదటి రోజే దాణా డబ్బా ఇచ్చి "ఈ వారం నీదే" అంటే, అతనికి నిలబడటానికి ఒక చోటు, మాట్లాడటానికి ఒక విషయం దొరుకుతాయి.

అభ్యంతరాలు ఉన్నాయి, అవి తోసేయదగ్గవి కావు. గుడ్డు ముట్టని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వాళ్ళ కిటికీ కింద గూడు పెట్టకూడదు, వాళ్ళ పిల్లలను బలవంతం చేయకూడదు. క్వార్టర్లలో అయితే అనుమతి లేకుండా ఒక్క పిల్లనూ తేకూడదు. బర్డ్ ఫ్లూ భయం ఉంది. 2006 ఫిబ్రవరిలో మన దేశంలో ఆ వ్యాధిని మొదటిసారి గుర్తించింది ఇక్కడికి దగ్గర్లోని నవాపూర్‌లోనే. సూరత్ నుంచి భుసావళ్ వెళ్ళే రైలు దారిలో, సగం గుజరాత్‌లో సగం మహారాష్ట్రలో ఉన్న స్టేషన్ అది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్, విజయవాడ వెళ్ళేవాళ్ళు ఆ మీదుగానే వెళతారు. అప్పుడు లక్షల కోళ్ళను చంపాల్సి వచ్చింది. కాబట్టి పక్షులు ఉన్నట్టుండి చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పడం, పెంచేది ఐదారే అయినా శుభ్రంగా పెంచడం తప్పనిసరి. చదువు పాడవుతుందన్న అభ్యంతరానికి మాత్రం నా జవాబు చిన్నది. రోజుకు ఇరవై నిమిషాల పని ఇది. ఫోన్ అంతకన్నా ఎక్కువే తీసుకుంటోంది.

ఇంకో మాట. ప్రతి ఊరికీ తన కోడి ఉంది. సూరత్‌కు ఉత్తరాన భరూచ్, నర్మదా జిల్లాలది అంకలేశ్వర్ కోడి. నందుర్బార్, డాంగ్స్ వైపు బుస్రా. మధ్యప్రదేశ్ ఝాబువాలో నల్లటి కడక్‌నాథ్, దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అస్సాంలో మిరి, రాజస్థాన్‌లో మేవాడీ, కేరళలో తెలిచ్చేరి, మన ఆంధ్రలో కాళాస్తి, డంకి. ఒకే ఊళ్ళో పుట్టి పెరిగే పిల్లలకు వీటిలో ఒకటో రెండో కనిపిస్తాయి. మీరు వెళ్ళిన ప్రతిచోటా అక్కడి కోడి పేరేమిటి, గుడ్డు ఏ రంగు, వాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు అని అడగండి. మా ఊళ్ళో 'బా బా బా' అంటే వచ్చేవి. ఇక్కడి కోళ్ళు ఆ పిలుపుకు తల కూడా తిప్పలేదు, వారం రోజులు గింజలు చల్లాక వచ్చాయి. కొత్త ఊరు కూడా అంతే, కొంచెం సమయం తీసుకుంటుంది.

ఈ దసరాకు గూడు కట్టే విషయం ప్రిన్సిపాల్‌గారి ముందు పెట్టబోతున్నాను. చేరాలనుకునేవాళ్ళు ఇంట్లో అడిగి, నాన్నగారిదో అమ్మగారిదో సంతకం తీసుకుని తెలుగు విభాగంలో పేర్లు ఇవ్వండి. వేసవిలో వెళ్ళిపోతామేమో అనుకునేవాళ్ళు కూడా ఇవ్వవచ్చు. నా మాట ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకు రాయండి, చదువుతాను.